మాటలను వెదకిన మహనీయుడు - చార్లెస్ ఫిలిప్ బ్రౌను

ఒక పెద్ద గ్రంథములో మనకు కావలసిన ఒక్క మాట ఎచ్చట నున్నదో తెలిసికొనవలెనన్న ఏమి చేయుదుము? మొదటి పుట తెఱచి, పంక్తి వెంట పంక్తి చదువుచు, ఆ మాట కంటబడువరకు పుటలు త్రిప్పుదుము. గ్రంథము చిన్నదైనచో ఒక పూటలో పని ముగియును. పెద్దదైనచో నెల దినములైనను చాలకపోవచ్చును. నేడు ఈ పనిని కంప్యూటరు కనుఱెప్పపాటులో చేసిపెట్టుచున్నది. మాటను తెలిపినంతనే అది వేలకొలది పుటలను గాలించి, ఆ మాట ఉన్న చోటును చూపుచున్నది.

కాని కంప్యూటరు వెదకుటకు ముందుగా గ్రంథము మిగిలియుండవలెను గదా! ఆ గ్రంథములోని అక్షరములు చెదలకు ఆహారము కాకుండ నిలువవలెను. తప్పులు దిద్దబడి, మాటలు విడదీయబడి, ఒక క్రమమున అమర్పబడవలెను. రెండువందల యేండ్లకు పూర్వము తెలుగు గ్రంథములలో అనేకములకు ఆ భాగ్యము లేదు. అవి పల్లెలలో అటకలమీద, పాత పెట్టెలలో తాటియాకుల కట్టలుగా పడియుండి, ఏటేట నశించుచుండెను. ఆ దశలో వానిని వెదకి, సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించి, మన చేతికి అందించిన వారిలో అగ్రగణ్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన జన్మచేత ఆంగ్లేయుడు, సేవచేత తెలుగువాడు. ఆయన జీవితచరిత్రమును ఇప్పుడు తెలిసికొందము.

బాల్యము - విద్య

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. పెక్కు భాషలు నేర్చిన పండితుడు. ఆ యింట పుస్తకములకు కొదువ లేదు. ఒక భాషను మఱియొక భాషతో పోల్చి చూచు అలవాటు బాలునకు తండ్రి నీడనే అబ్బెను. కాని ఆ నీడ చిరకాలము నిలువలేదు. 1812లో తండ్రి మరణించెను. కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. అచ్చట బ్రౌను హెయిలీబరీ కళాశాలలో చేరి, ఈస్టిండియా కంపెనీ కొలువునకు కావలసిన శిక్షణము పొందెను.

1817లో ఆయన చెన్నపట్టణమునకు వచ్చెను. కంపెనీ ఉద్యోగములలో చేరు యువకులు దేశభాషలు నేర్చుకొనుటకై అచ్చట సెంట్ జార్జి కోట కళాశాల యుండెను. బ్రౌను అందు వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్వ మొదలిడెను. ఆనాడు పరదేశీయునకు తెలుగు నేర్చుట సులభమైన పని కాదు. చక్కని వ్యాకరణము లేదు. నిత్యవ్యవహారములోని మాటలన్నియు దొరకు నిఘంటువు లేదు. పండితులు చెప్పు తెలుగు ఒకటి. బజారులో వినవచ్చు తెలుగు మఱియొకటి. తెలియని మాట తటస్థించినప్పుడు దానిని ఎచ్చట వెదకవలెనో తెలియదు. ఆ బాధను స్వయముగా అనుభవించుటచేతనే కాబోలు, తరువాతి వారికి ఆ బాధ లేకుండ చేయుటకు ఆయన తన జీవితమును ధారపోసెను.

కడపలో ఉద్యోగము

1820లో బ్రౌను కళాశాల చదువు ముగించి, కడపలో కలెక్టరుకు సహాయకుడుగా నియమింపబడెను. ఆ యేడే చెన్నపట్టణమునకు గవర్నరైన సర్ థామస్ మన్రో, ప్రజలను పాలించు ఉద్యోగికి ప్రజల భాష తెలిసియుండవలెనని గట్టిగా నమ్మినవాడు. ఆ నమ్మకము యువకుడైన బ్రౌను మనస్సున కూడ నాటుకొనెను. కచేరీకి వచ్చు రైతులతో దుబాసీల సహాయము లేకుండ మాటలాడుటకు ఆయన ప్రయత్నించెను. పేదపిల్లల కొఱకు కడపలో 1821లోను, మచిలీపట్టణములో 1823లోను తన ఖర్చుతో ఉచిత పాఠశాలలు స్థాపించెను.

కడపలో ఆయన ఒక బంగళా కొనెను. కాలక్రమమున ఆ బంగళా పండితులకు నిలయమై, తాళపత్రములకు భాండాగారమై, జనులచేత బ్రౌను కాలేజీ యని పిలువబడెను. ఆ కథ తెలియవలెనన్న ముందు ఆయన మచిలీపట్టణములో మొదలిడిన ఒక గొప్ప అన్వేషణమును గూర్చి చెప్పవలెను.

వేమనను వెదకుట

1822లో బ్రౌను మచిలీపట్టణమునకు బదిలీ అయ్యెను. అచ్చట తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య యను పండితుల వద్ద తెలుగు ఛందస్సును, కావ్యములను అభ్యసించెను. ఆ దినములలోనే ఫ్రెంచి దేశీయుడగు దుబాయి యను మతగురువు హిందూ ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథము ఆయన చదివెను. అందు వేమన యను తెలుగు కవి పేరు కనబడెను. పల్లెలలో చిన్న పిల్లలు సైతము పద్యములు చెప్పుకొను ఆ కవిని పండితులు చాలమంది లెక్కచేయకుండిరి. వేమన భాష తేలికయైనదని, అది కావ్యము కాదని వారు తలచిరి. బ్రౌనునకు అట్లు తోచలేదు. ప్రజల నోట నున్న కవి పద్యములు పుస్తకమునకు ఎక్కకపోవుట ఆయనకు వింతగా తోచెను. ఎట్లయినను వేమన పద్యములను సంపాదింపవలెనని ఆయన నిశ్చయించెను.

వేమన పద్యములున్న తాళపత్ర ప్రతుల కొఱకు ఆయన నలుదిక్కులకు మనుష్యులను పంపెను. ప్రతులు వచ్చెను. కాని ఏ రెండు ప్రతులును ఒకదానితో ఒకటి సరిపోలేదు. ఒకదానియందు వందలకొలది పద్యములుండగా మఱియొకదానియందు కొన్ని మాత్రమే యుండెను. ఒకచోట మొదట నున్న పద్యము ఇంకొకచోట నడుమ నుండెను. ఒకే పద్యము ఒక ప్రతిలో ఒక విధముగను, వేఱొక ప్రతిలో మఱియొక విధముగను వ్రాయబడియుండెను. ఏది వేమన పద్యము? ఏది ఇతరులు వ్రాసి వేమన పేరు తగిలించినది? ఒక పద్యము ఈ ప్రతులలో ఎన్నింటియందున్నది? ఇట్టి ప్రశ్నలకు ఎట్లు సమాధానము చెప్పవలెను?

వేమన పద్యములను గుర్తించుటకు ఒక సాధనము కలదు. ఆ కవి పద్యములు పెక్కింటికి చివర ఒకే మకుట ముండును; అందు వేమన పేరుండును. ఆ మకుటమున్న పద్యములనెల్ల ఏరినచో పని సగము జరిగినట్లే. కాని ఆ సాధనమునందు రెండు చిక్కులున్నవి. వేమన తరువాత ఎందరో పద్యములు కట్టి, ఆ మకుటమునే తగిలించిరి. కావున మకుటమున్న పద్యములన్నియు వేమనవి కావు. వ్రాయసకాండ్రు కొందఱు స్థలము చాలకయో, అందఱకును తెలిసినదే గదా యనియో మకుటమును పూర్తిగా వ్రాయక విడిచిరి. కావున మకుటము లేనివెల్ల వేమనవి కాకపోవు. గుర్తును పట్టుకొని వెదకువానికి ఈ రెండు అపాయములును ఎల్లప్పుడు నుండును: కోరనిది వలలో పడుట యొకటి, కోరినది వల దాటిపోవుట రెండవది.

ఈ చిక్కును విడదీయుటకు బ్రౌను ఒక పద్ధతిని ఏర్పఱచుకొనెను. తాళపత్రములను కాగితములపై నకలు వ్రాయించెను. ప్రతి పద్యమునకు సంఖ్య వేయించెను. పద్యముల మొదటి అక్షరములను బట్టి అకారాదిక్రమమున సూచికలు తయారు చేయించెను. సూచిక చూచినచో ఒక పద్యము ఏయే ప్రతులలో ఏ సంఖ్య క్రింద నున్నదో వెంటనే తెలియును. అప్పుడు ఆ పద్యము రూపములన్నియు ఒకచోట చేర్చి, పాఠభేదములను ప్రక్కన గుర్తించి, పండితులతో చర్చించి, మేలైన పాఠమును నిర్ణయించెను. ఈ విధముగా సిద్ధమైన 693 పద్యములు ఆంగ్లానువాదముతో 1829లో ముద్రింపబడెను. అంతటితో ఆయనకు తృప్తి కలుగలేదు. ఇంకను వెదకి, ఇంకను పోల్చి, 1839లో 1164 పద్యములతో మఱియొక కూర్పు ప్రకటించెను.

తాటియాకుమీది చిక్కులు

ఈ పని ఎంత కష్టమైనదో తెలియవలెనన్న పాత వ్రాత యెట్లుండెనో చూడవలెను. నేడు మనము మాటకును మాటకును నడుమ ఎడము విడిచి వ్రాయుదుము. తాళపత్రములపై అట్టి ఎడము లేదు. ఆకు మొదలుకొని ఆకు చివరివరకు అక్షరములు ఒకే బారుగా సాగిపోవును. పద్యము ముగిసినదో లేదో చదువువాడే గ్రహింపవలెను. దీనికి తోడు మన భాషలో సంధి కలదు. మాటలు కలిసినప్పుడు వాని అంచులు మాఱిపోవును. రాముడు, ఇంటికి, ఏగెను అను మూడు మాటలు కలిసి రాముడింటికేగెను అగును. ఇప్పుడు అందు ఇంటికి అను మాటను కంటితో వెదకినచో మొదటనున్న ఇకారము కానరాదు. అది ముందరి డకారముతో కలిసి గుడిగా మాఱినది. ఏగెను అనుదానికిని అదే గతి పట్టినది. మాటలు అచ్చటనే యున్నవి; వాని ముఖములు మాత్రము మాఱినవి.

వ్రాయసకాని చేతి తప్పులు వేఱు. ఒకడు వత్తు విడుచును. ఒకడు సున్నకు బదులు మకారమో నకారమో వ్రాయును. పురుగు తొలిచిన చోట అక్షరమే పోవును. ఇన్ని అడ్డంకుల నడుమ ఒక పద్యమును వెదకి పట్టుటకు పండితుల జ్ఞాపకశక్తియే పెద్ద సహాయము. ఒక పాదము వినినంతనే ఆ పద్యము ఏ కావ్యములోనిదో చెప్పగలవారు ఆనాడుండిరి. యతిప్రాసలు కూడ తోడ్పడెను. వ్రాయసకాడు అక్షరము తప్పినచోట ప్రాస తప్పును. ప్రాస తప్పినచో దోష మచ్చట నున్నదని తెలియును. ఛందస్సును నేర్చుట బ్రౌనునకు అలంకారము కొఱకు కాదు. తప్పు పట్టుకొనుటకు అది కొలబద్ద. ఆంధ్ర సంస్కృత ఛందస్సులను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1827లోనే వెలువడెను.

యంత్రము వెదకు తీరు

బ్రౌను ఎదుర్కొన్న ఈ చిక్కులు తాళపత్రములతోనే అంతరించినవి కావు. నేటి కంప్యూటరునకు కూడ అవి తప్పలేదు. యంత్రము ఒక మాటను ఎట్లు వెదకునో తెలిసికొనినచో బ్రౌను చేసిన పని విలువ మనకు మఱింత బాగుగ తెలియును.

వికారాబాదు జిల్లాలో తాండూరు దాటిన పిదప, కర్ణాటక సరిహద్దున బషీరాబాదు అను ఊరు కలదు. సికింద్రాబాదు నుండి వాడి పోవు రైలుమార్గముపై అదియొక స్టేషను. ఆ మార్గమున ప్రయాణించువానికి సికింద్రాబాదు, వికారాబాదు, బషీరాబాదు అని ఒకే విధముగా ముగియు పేర్లు కనబడును. బాదు అను ఈ తుది భాగము పారసీక భాషలోని ఆబాద్ అను మాటనుండి వచ్చినది; జనులు నివసించు చోటు అని దాని భావము. ఊళ్ల పట్టికలో ఇట్టి పేర్లెన్ని యున్నవో చెప్పుమని కంప్యూటరును కోరితిమనుకొందము.

కంప్యూటరు ప్రతి పేరును తీసికొని, దాని మొదటి గుర్తు క్రింద మన తునకను ఉంచి పోల్చి చూచును. బషీరాబాదులో మొదటి బకారము మన తునకలోని బకారముతో సరిపోవును. తరువాత నుండవలసినది దీర్ఘము, ఉన్నది షకారము. సరిపోలేదు. అప్పుడు తునకను ఒక గుర్తు ముందునకు జరిపి మరల పోల్చును. ఇట్లు జరుపుచు జరుపుచు పోగా చివర బాదు పూర్తిగా సరిపోవును. అంతట కంప్యూటరు ఆ చోటు సంఖ్యను చెప్పును. పైథాన్, జావాస్క్రిప్టు మొదలగు భాషలలో లెక్క సున్నతో ఆరంభమగును. మనము అక్షరములను బట్టి లెక్కించినచో బ, షీ, రా అను మూడింటి తరువాత వచ్చుటచే బా చోటు సంఖ్య మూడు. కాని కంప్యూటరు అయిదు అని చెప్పును. ఏలయన యూనికోడ్ అను సంకేతపద్ధతిలో షీ అనునది ఒక గుర్తు కాదు. షకారమును, దానిపై గుడిదీర్ఘమును వేర్వేఱు గుర్తులు. రా కూడ అట్లే. తునక ఎచ్చటను లేనిచో ఈ భాషలలో లేదనుటకు గుర్తుగా ఋణసంఖ్య యగు మైనస్ ఒకటి వచ్చును.

ఇచ్చట ఒక వింత గమనింపుడు. ఊరి పేరును కొందఱు బషీరాబాదు అనియు, కొందఱు బషీరాబాద్ అనియు వ్రాయుదురు. మనుష్యునకు రెండును ఒకటే. యంత్రమునకు కావు. చివర ఉకారమునకు బదులు పొల్లు ఉన్నంతమాత్రమున అది ఆ ఊరే లేదని చెప్పును! అట్లని తునకను కుదించి బాద అని వెదకినచో రెండు రూపములును దొరకును గాని, వానితోపాటు బాదముచెట్టు కూడ వచ్చి పడును. వేమన కొఱకు వేమ అని వెదకినచో నీవేమి అను మాట కూడ వలలో చిక్కును. గుర్తు పొడవైనచో కోరినవి జాఱిపోవును; పొట్టిదైనచో కోరనివి చేరును. బ్రౌనునకు మకుటముతో కలిగిన చిక్కే ఇది.

యంత్రపు వేగమును పెంచుటకు శాస్త్రజ్ఞులు పెక్కు ఉపాయములు కనిపెట్టిరి. 1977లో బోయర్, మూర్ అనువారు ప్రకటించిన పద్ధతిలో తునకను మొదటినుండి గాక చివరినుండి పోల్చుదురు. చివరి గుర్తు సరిపోనిచో ఒక్కొక్క అడుగు జరుపనక్కఱ లేదు. పెక్కుసార్లు ఒకేసారి అనేక గుర్తులు దాటిపోవచ్చును. అయినను ఇవన్నియు వేగమును పెంచునవే గాని వివేకమును పెంచునవి కావు. రెండు రూపములు ఒకే మాటవి యని తెలిసికొనుట, కలిసిన మాటలను విడదీయుట, దొరికిన దానిలో నిజమైనది ఏదో నిర్ణయించుట - ఇవి ముందుగా ఎవరో మనుష్యుడు తలచి, యంత్రమునకు నేర్పవలసిన పనులు. బ్రౌనును, ఆయన పండితులును తాళపత్రములముందు కూర్చుండి చేసినది ఆ పనియే.

పండితమండలి

వేమన పద్యములతో మొదలైన అన్వేషణము తెలుగు వాఙ్మయము అంతటికిని వ్యాపించెను. కడప బంగళాలో పండితులకు, వ్రాయసకాండ్రకు బ్రౌను తన జీతమునుండి వేతనము లిచ్చుచుండెను. ఒక కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, వానిని ఒకదానితో ఒకటి పోల్చి, శుద్ధప్రతి వ్రాయించుట వారి పని. జూలూరి అప్పయ్య వంటి పండితులు మనుచరిత్రము, వసుచరిత్రము మొదలగు ప్రౌఢకావ్యముల పరిష్కరణమునకు తోడ్పడిరి. ఈ కార్యమునకు బ్రౌను జీతము చాలలేదు. ఆయన అప్పులు చేసెను. అప్పులు చేసియు పండితులను విడువలేదు.

ఈ కీర్తి యంతయు బ్రౌను ఒక్కనిదే అనుట న్యాయము కాదు. ఆకులమీది అక్షరములను పోల్చి చదివినవారు తెలుగు పండితులు. నకళ్లు వ్రాసిన చేతులు తెలుగు చేతులు. వేమన పద్యములను ఆకులకంటె భద్రముగా నాలుకలపై నిలిపినవారు చదువురాని పల్లెప్రజలు. వీరందఱి శ్రమను ఒకచోట చేర్చి, ఒక క్రమమున నడపి, దానికై తన ధనమును, కాలమును వెచ్చించుట బ్రౌను గొప్పతనము.

కష్టములు - లండనులో దొరికిన నిధి

1834లో ఆయన ఉద్యోగమునుండి తొలగింపబడెను. అప్పులు మీదనుండగా జీతము పోవుట సామాన్యమైన దెబ్బ కాదు. ఆయన ఇంగ్లండునకు వెళ్లి కొన్ని సంవత్సరము లుండెను. మఱియొకడైనచో ఆ కాలమును చింతతో గడపియుండును. బ్రౌను మాత్రము లండనులో కూడ వెదకుట మానలేదు. అచ్చట ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయములో దక్షిణ భారత భాషల వ్రాతప్రతులు రెండువేలకు పైగా చదువువారు లేక పడియుండుట ఆయన చూచెను. అచ్చటి గ్రంథాలయాధికారి, సంస్కృత పండితుడు అగు విల్సను సహాయముతో వానిని చెన్నపట్టణమునకు పంపించు ఏర్పాటు చేయించెను. అవి చెన్నపట్టణపు సాహిత్యసంఘమునకు చేరెను. తాను సేకరించిన ప్రతులను కూడ బ్రౌను ఆ సంఘమునకే ఒసగెను. పిమ్మట అవి చెన్నపట్టణములోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరి, నేటికిని పరిశోధకులకు ఉపయోగపడుచున్నవి.

నిఘంటు నిర్మాణము

మరల భారతదేశమునకు వచ్చిన బ్రౌనునకు పారసీక భాషానువాదకుని ఉద్యోగము లభించెను. 1846లో తపాలాశాఖకు అధిపతి అయ్యెను. ప్రభుత్వమునకు తెలుగు అనువాదకుడుగా కూడ పనిచేసెను. పగలు కచేరీ పని, తక్కిన వేళలయందు తెలుగు పని. 1840లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడెను. ఆ తరువాత ఆయన జీవితములో శిఖరమని చెప్పదగిన నిఘంటువులు 1852 మొదలుకొని 1854 లోపల ముద్రింపబడెను. తెలుగు మాటలకు ఇంగ్లీషు అర్థములు చెప్పునది ఒకటి. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థములు చెప్పునది ఒకటి. అన్యభాషలనుండి తెలుగులో చేరిన మాటలకై మిశ్రభాషా నిఘంటువు ఒకటి.

అంతకు ముందు పండితులు వ్రాసిన నిఘంటువులు పెక్కు పద్యరూపమున నుండెను. వానిని కంఠస్థము చేయవలెను. మాట యొక్క స్థానము పద్యమునుబట్టి యుండును గాని అక్షరక్రమమునుబట్టి యుండదు. కంఠస్థము లేనివానికి అందు మాట దొరకదు. బ్రౌను కూర్చిన అకారాది నిఘంటువులో అక్షరములు తెలిసిన ప్రతివాడును తన మాటను తానే వెదకికొనవచ్చును. ఆయన కావ్యములలోని మాటలతో తృప్తిపడలేదు. రైతులు, వర్తకులు, కచేరీ గుమాస్తాలు, గృహిణులు పలుకు మాటలను కూడ చేర్చెను. దుకాణము, తారీఖు, దస్తావేజు వంటి మాటలు పరభాషలనుండి వచ్చినవి గదా యని త్రోసివేయలేదు. జనులు వాడుచున్నారు గావున వానికిని చోటిచ్చెను. తెలుగు, కన్నడము, ఉర్దూ ఒకే అంగడిలో వినవచ్చు బషీరాబాదు, తాండూరు ప్రాంతములు ఆనాడు నైజాము రాజ్యములోనివి. బ్రౌను పనిచేసిన కంపెనీ జిల్లాలకు వెలుపలివి. అయినను ఆ ప్రాంతపు ప్రజలు నిత్యము పలుకు ఇట్టి మిశ్రపదములకు ఆ నిఘంటువులలో గౌరవస్థానము లభించినది.

తుది దినములు

1855లో బ్రౌను ఆరోగ్యము చెడి ఇంగ్లండునకు మరలిపోయెను. అచ్చటను తెలుగును విడువలేదు. 1857లో వ్యాకరణమును సవరించి మరల ముద్రింపించెను. తరువాత లండను విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యుడుగా నుండెను. పెండ్లి చేసికొనక, సంసారమునకు బదులు గ్రంథములతో కాలము గడపిన ఆ వృద్ధుడు 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన లండనులో కన్ను మూసెను. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు.

కడపలో ఆయన బంగళా కాలక్రమమున శిథిలమైపోయెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రి మొదలగు సాహిత్యాభిమానుల కృషి ఫలితముగా ఆ స్థలమునందే బ్రౌను పేర ఒక గ్రంథాలయము వెలసెను. అది నేడు యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చేరిన భాషాపరిశోధన కేంద్రము. బ్రౌను వెదకిన కవి పేరుగల విశ్వవిద్యాలయము బ్రౌను పేరుగల గ్రంథాలయమును పోషించుచుండుట ఎంత ఉచితముగా నున్నది!

ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903లో సవరింపబడి మరల వెలువడెను. అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయమువారు ఆ కూర్పును కంప్యూటరులోనికి ఎక్కించి లోకమునకు అందుబాటులో నుంచిరి. నేడు ఏ దేశమునందున్న తెలుగు విద్యార్థియైనను ఒక మాటను గాని, మాటలోని తునకను గాని తెలిపి, బ్రౌను పండితులతో కూర్చుండి ఏండ్ల తరబడి కూడబెట్టిన అర్థములను క్షణములో పొందవచ్చును. ఆ క్షణమునకు వెనుక మచిలీపట్టణములోని సూచికలున్నవి. కడప బంగళాలోని దీపములున్నవి. పేరైనను తెలియని వ్రాయసకాండ్ర చేతివ్రాతలున్నవి.

బాలబాలికలారా! వెదకినంతనే మాట దొరకుట మనకు నేడు సామాన్యమైన విషయము. దొరకునట్లు చేసినవారి శ్రమ మాత్రము సామాన్యమైనది కాదు. ఇంకను మన గ్రామములలో అచ్చుపడని పాటలు, కథలు, సామెతలు, చేతివృత్తులవారి మాటలు ఎన్నియో కలవు. వ్రాసి యుంచని మాటను ఎంత గొప్ప యంత్రమైనను వెదకి తేలేదు. లేదని మాత్రమే చెప్పగలదు. మీ అవ్వ నోట వినిన ఒక మాటను, అది మీ ఊరిలో పలుకు తీరున, అర్థముతోకూడ ఒక కాగితముపై వ్రాసి దాచుడు. బ్రౌను మహనీయునకు మనము చెల్లింపగల ఋణము అదియే.